గ్రూప్-1 ఇంటర్వ్యూలో ఉరిశిక్ష ప్రశ్న: ఒకసారి తడబడ్డాక నేను చదివిన తీరు

ఎంపిక జాబితాలో నా నంబరు చూసుకుని నేటికి తొమ్మిది రోజులైంది. అభినందనల ఫోన్లు తగ్గాయి, ఇంట్లో స్వీట్ల డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడైనా కూర్చుని రాయకపోతే శిక్షణ హడావిడిలో పడి మరిచిపోతానన్న భయంతో రాస్తున్నాను. ప్రిలిమ్స్ ఎలా దాటాలి, ఏ సబ్జెక్టుకు ఏ పుస్తకం చదవాలి అన్న సంగతులు నాకంటే బాగా చెప్పినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచినదంతా గత ప్రయత్నంలో నన్ను వట్టి చేతులతో ఇంటికి పంపిన ఒకే ఒక ప్రశ్న గురించి.

ఆ ఇంటర్వ్యూలో ఒక సభ్యుడు నా దరఖాస్తు తిరగేస్తూ, "విశాఖపట్నం, ఆరిలోవ అని రాశారు. సెంట్రల్ జైలు మీ ఇంటికి ఎంత దూరం?" అని అడిగారు. నడిచి వెళ్ళేంత దూరమని చెప్పాను. "అయితే చెప్పండి, ఉరిశిక్ష ఉండాలా, వద్దా?" అన్నారు. నాకు లోపల సంతోషమే కలిగింది, ఎందుకంటే మూడో పేపరు కోసం ఆ టాపిక్ మీద ఐదు పాయింట్ల నోట్సు నా దగ్గర సిద్ధంగా ఉంది. వద్దని చెప్పి, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం, పొరపాటు జరిగితే దిద్దుకోలేకపోవడం, నేరాలు తగ్గుతాయనడానికి రుజువు లేకపోవడం, సంస్కరణకు అవకాశం, ప్రపంచ దేశాల ధోరణి అని వరసగా అప్పజెప్పాను. ఆయన ఓపికగా విని, ఒక పసిపిల్లపై జరిగిన అఘాయిత్యాన్ని రెండు వాక్యాల్లో వర్ణించి, "ఆ తల్లి ఇప్పుడు మీ ఎదురుగా కూర్చుని ఉంటే ఏం చెబుతారు?" అని అడిగారు. నా గొంతు మారిపోయింది. "అలాంటి అత్యంత అరుదైన కేసుల్లో ఉండవచ్చు సార్" అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "అయితే మీరు ఉరిశిక్షకు వ్యతిరేకం కాదమ్మా. నేరం గురించి విననంతసేపే వ్యతిరేకం" అని, తర్వాతి సభ్యుడి వైపు తిరిగారు.

ఆ ఏడాది కొద్ది మార్కుల తేడాతో పోయింది. ఆ ఒక్క జవాబు వల్లే పోయిందని అనను, ఎకానమీ పేపరులోనూ నేను పొరపాట్లు చేశాను. అయినా రైలు దిగి ఇంటికి చేరేదాకా నా చెవుల్లో మోగింది ఆ వాక్యమే, ఎందుకంటే అది నిజం. 2019 డిసెంబరు 6న, హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిపై అఘాయిత్యం చేసిన కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారన్న వార్త వచ్చిన ఉదయం, హాస్టల్ మెస్సులో అందరితో పాటు చప్పట్లు కొట్టినదాన్ని నేను. ఆ ఎన్‌కౌంటర్ కథనం నమ్మదగినది కాదని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చినప్పుడు, దాన్ని కరెంట్ అఫైర్స్ బిట్‌గా రాసుకుని పేజీ తిప్పేశాను తప్ప నా చప్పట్ల సంగతి నాకు గుర్తు రాలేదు.

మా పక్క వీధిలో పదవీ విరమణ చేసిన పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒకరు ఉన్నారు, వీధంతా ఆయన్ని పీపీ గారనే పిలుస్తుంది. ముడసర్లోవ వైపు ఉదయపు నడకలో కలిసినప్పుడు జరిగిందంతా చెప్పాను. ఆయన స్వయంగా ఉరిశిక్షను సమర్థించేవారు, అందుకే ఆయన మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. "నువ్వు ముద్దాయి గురించి మాట్లాడావమ్మా. వాడేం చేశాడో ఎదుటివాడు వర్ణించగానే నీ నోరు పడిపోయింది. శిక్ష వేసేవాళ్ళ గురించి మాట్లాడి ఉంటే నీ జవాబు మారవలసిన అవసరమే ఉండేది కాదు. సాక్షుల్ని బోనెక్కించిన మనిషిని నేను, ఆ యంత్రం ఎలా నడుస్తుందో నాకు తెలుసు" అన్నారు.

నా మలి ప్రయత్నం మొత్తం ఆ మాట మీదే నిలబడింది. నేరస్థుడి మీద జాలితో ఉరిశిక్షను వ్యతిరేకిస్తే, జాలి కలగని నేరం ఎదురైన క్షణంలో ఆ వ్యతిరేకత కూలిపోతుంది. పొరబడే స్వభావమున్న పోలీసు, పొరబడే స్వభావమున్న న్యాయస్థానం కలిసి తిరిగి తీసుకోలేని శిక్ష వేయవచ్చా అని అడిగితే, నేరం ఎంత ఘోరమైనదైనా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, నేరం ఎంత ఘోరమైతే దోషిని వెంటనే చూపించాలన్న ఒత్తిడి అంత పెరుగుతుంది కనుక, పొరపాటుకు ఆస్కారం కూడా అక్కడే ఎక్కువ.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మూడు నెలల పాటు మధ్యాహ్నాలు ఉరిశిక్ష కేసుల తీర్పులకే కేటాయించాను. మొదట నన్ను ఆపేసినది 1982 నాటి హర్‌బన్స్ సింగ్ కేసు. ఒకే హత్యాకాండలో, ఒకే రకమైన పాత్ర ఉన్న ముగ్గురికి ఉరిశిక్ష పడింది. ముగ్గురూ విడివిడిగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు, మూడు వేర్వేరు ధర్మాసనాల ముందు నిలబడ్డారు. ఒకరి అప్పీలు కొట్టివేయగా 1981 అక్టోబరు 6న ఉరి తీశారు. రెండో వ్యక్తికి మరో ధర్మాసనం యావజ్జీవంగా మార్చింది. మూడోవాడు హర్‌బన్స్ సింగ్, చివరి ఘడియల్లో వేసిన పిటిషన్ వల్ల బతికాడు. అతని శిక్షను తగ్గించమని రాష్ట్రపతికి కోర్టే సిఫారసు చేయవలసి వచ్చింది. నేరం ఒకటే, సాక్ష్యం ఒకటే. తేడా అల్లా ఏ ధర్మాసనం ముందుకు వెళ్ళారన్నదే. "ఏకపక్షత" అని నోట్సులో ఒక పదం రాసుకోవడానికీ, ఈ ముగ్గురి కథ తెలిసి ఉండడానికీ ఎంత దూరమో అప్పుడు అర్థమైంది.

రెండోది అంకుష్ మారుతి షిండే కేసు. మహారాష్ట్రలో 2003లో జరిగిన ఘోరమైన దోపిడీ, అత్యాచారం, హత్యల కేసులో సంచార తెగకు చెందిన ఆరుగురు పట్టుబడ్డారు. హైకోర్టు వారిలో ముగ్గురికి ఉరిని యావజ్జీవంగా తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు దాన్ని తిప్పికొట్టి ఆరుగురికీ ఉరి ఖాయం చేసింది. అదే సుప్రీంకోర్టు 2019 మార్చిలో వారు అసలు నేరమే చేయలేదని నిర్దోషులుగా విడిచిపెట్టి, ఒక్కొక్కరికి ఐదు లక్షల పరిహారం ఇమ్మంది. అంటే పొరబడినది ఏదో మారుమూల కింది కోర్టు మాత్రమే కాదు, దేశంలో చిట్టచివరి కోర్టు కూడా. మధ్యలో ఉరి అమలై ఉంటే 2019 తీర్పు ఎవరికి చదివి వినిపించేవారు? అభ్యర్థుల్లో చాలామంది బ్రిటన్‌లో 1950లో ఉరితీసి 1966లో క్షమాభిక్ష ఇచ్చిన తిమోతీ ఎవాన్స్ ఉదాహరణ రాస్తారు. అది మంచి ఉదాహరణే, కానీ మన ఇంటి ఉదాహరణ ఉండగా అంత దూరం పోవడం దేనికి?

మూడోదానికి వస్తే, 1996 నాటి రావ్‌జీ తీర్పు నేరాన్ని చూస్తే చాలు, నేరస్థుడి పరిస్థితులు చూడనక్కర్లేదన్నట్టు నడిచింది. నేరంతో పాటు నేరస్థుడి పరిస్థితులు కూడా చూడాలని 1980లో బచన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పినదానికి ఇది విరుద్ధమని 2009లో సంతోష్ బరియార్ తీర్పు ఒప్పుకుంది. ఆలోపే రావ్‌జీని ఉరితీసేశారు. 2012లో పద్నాలుగు మంది విశ్రాంత న్యాయమూర్తులు, ఇలా పొరపాటు సూత్రం మీద ఉరి పడిన పదమూడు మంది శిక్షను తగ్గించమని రాష్ట్రపతికి రాశారు. న్యాయమూర్తులే ఆ పని చేశాక, "పొరపాటు అవకాశం సిద్ధాంతరీత్యా మాత్రమే" అనే వాదనకు బలం ఉండదు.

ఆంధ్ర అభ్యర్థులు తప్పక తెలుసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. 1974 నాటి ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, ఇద్దరిని చంపిన ఒక పేద యువతి ఉరిని యావజ్జీవంగా మారుస్తూ, ఆమె వయసును, అత్తింటివారు వెళ్ళగొట్టిన తీరును, చిన్న కొడుకును, రెండేళ్ళకు పైగా ఉరిభయంతో గడిపిన కాలాన్ని లెక్కలోకి తీసుకున్నారు. 1993 నాటి చిలకలూరిపేట బస్సు దహనంలో ఇరవై ముగ్గురు చనిపోయారు. ఆ కేసులో ఇద్దరు దళిత యువకులకు పడిన ఉరి 1997లో చివరి గంటల్లో ఆగి, ఆ తర్వాతి ఏడాది రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ కాలంలో యావజ్జీవంగా మారింది. ఆ రెండు కేసుల్లోనూ ఉరికంబం ఎదుట నిలిచినవాళ్ళు ఎవరో గమనించండి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉరిశిక్ష పడిన 373 మందితో మాట్లాడి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వారిలో నూటికి 74 మంది ఆర్థికంగా బలహీనులని తేలింది. డబ్బున్నవాడు నేరం చేయడని దీని అర్థం కాదు, మొదటి రోజు నుంచే మంచి లాయరు దొరుకుతాడని అర్థం.

చట్టం నడిచిన దిశను మాత్రం ఒక్క పేరాలో రాయగలగాలి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం హత్యకు ఉరి వేయకపోతే జడ్జి కారణం రాయాలి. 1955 సవరణ ఆ నిబంధనను తీసేసింది. 1973 కోడ్ 354(3) సెక్షన్ ప్రకారం ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలి, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత కూడా అదే కొనసాగించింది. అంటే సంజాయిషీ ఇవ్వవలసిన భారం ఒక పక్క నుంచి మరో పక్కకు పూర్తిగా మారింది. 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో ఉరిశిక్ష కేసుల అప్పీళ్ళ మీద చర్చ జరుగుతుండగా, అసలు ఆ శిక్షనే రద్దు చేయడం మేలని అంబేద్కర్ అన్న సంగతిని దీనికి ముందు చేర్చితే పేరా నిండుగా ఉంటుంది.

ఉరివల్ల నేరాలు తగ్గవని రుజువైపోయింది అని దయచేసి రాయకండి. నా పాత నోట్సులో ఉన్న తప్పు అది. 2012లో అమెరికా జాతీయ పరిశోధన మండలి తేల్చినది ఏమిటంటే, అంతవరకు వచ్చిన అధ్యయనాలు ఉరి భయం హత్యలను తగ్గిస్తుందా, పెంచుతుందా, ఏమీ చేయదా అన్నది చెప్పలేవని. కాబట్టి నిజాయితీగా చేయగల వాదన ఒకటే: ప్రాణం తీసే అధికారం అడుగుతున్నవాడే దానివల్ల లాభముందని రుజువు చేయాలి, ఆ రుజువు లేదు. దిశ బిల్లు కూడా ఇక్కడికే వస్తుంది. 2019 డిసెంబరులో మన శాసనసభ అత్యాచార కేసుల్లో ఇరవై ఒక్క పని దినాల్లో దర్యాప్తు, విచారణ ముగించాలన్న గడువుతో, ఉరిశిక్షతో ఆమోదించిన ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. గడువు కుదించిన కొద్దీ పరిశోధన నాసిరకమవుతుందని, పొరపాటు దిద్దుకునే వ్యవధి పోతుందని ఎవరైనా గ్రహించగలరు.

ఇక ఆ తల్లి ప్రశ్న. దాన్ని తప్పించుకునే జవాబు ఏదీ బోర్డు ముందు నిలవదు. నేను తయారు చేసుకున్నది ఇది: ఆమె కోరే శిక్ష న్యాయమైనదే కావచ్చు, దాన్ని అమలుచేసే చేయి నమ్మదగినది కాదు. స్వామి శ్రద్ధానంద కేసులో 2008లోనూ, శ్రీహరన్ కేసులో 2015లోనూ సుప్రీంకోర్టు విడుదలకు వీల్లేని దీర్ఘకాలపు యావజ్జీవం వేయవచ్చని చెప్పింది, కనుక ఉరి వద్దనడం వదిలేయమనడం కాదు. పైగా 2012 డిసెంబరు నాటి ఢిల్లీ నిర్భయ కేసులో ఉరి అమలైనది 2020 మార్చి 20న. ఆ ఏడేళ్ళూ ప్రతి పిటిషన్‌కూ ఆ తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కారు. 2015లో లా కమిషన్ 262వ నివేదిక ఉగ్రవాదం, దేశంపై యుద్ధం మినహా మిగతా నేరాలన్నిటికీ ఉరిశిక్షను రద్దు చేయమంది. ఆ మినహాయింపుతో నేను ఏకీభవించను, ఎందుకంటే అక్షరధామ్ దాడి కేసులో ఉగ్రవాద నిరోధక చట్టం (పోటా) కింద ఉరి పడినవారిని 2014లో సుప్రీంకోర్టు నిర్దోషులుగా వదిలింది. ఆగ్రహం ఎక్కువగా ఉండే కేసులే పొరపాటుకు చోటన్న నా మొదటి మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక్క టాపిక్‌కు మూడు నెలలా అని మా బ్యాచ్‌లో చాలామంది నవ్వారు. ఇంట్లో మా పిన్ని అయితే, "జైలు పక్కన ఉండి జైలు గురించే చదువుతోంది, పెళ్ళీడు దాటిపోతోంది" అని అమ్మతో అంది. వారికి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను: నేను నేర్చుకున్నది ఒక టాపిక్ కాదు, ఒక అభిప్రాయాన్ని దాని బరువంతా మోస్తూ చెప్పడం. రిజర్వేషన్ల మీద, ప్రత్యేక సాయుధ బలగాల చట్టం మీద, మద్యనిషేధం మీద వచ్చిన ప్రశ్నలన్నిటికీ ఆ అలవాటే పనికొచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం, ఫోను అమ్మ బీరువాలో పెట్టడం, రోజుకో జవాబు చేత్తో రాసి మర్నాడు మళ్ళీ తప్పులు వెతకడం, ఇవి చేయకుండా ఎన్ని కోచింగులు తిరిగినా లాభం లేదని నా నమ్మకం. మెయిన్స్‌లో చరిత్ర, సైన్సు పేపర్ల గురించి చెప్పడానికి నా దగ్గర ప్రత్యేకమైనది ఏమీ లేదు. అందరూ చదివినవే చదివాను.

ఈసారి బోర్డు ఉరిశిక్ష గురించి అడగలేదు. ఫిషింగ్ హార్బర్ గురించి, సింహాచలం చందనోత్సవంలో జనసమ్మర్దం అదుపు చేయడం గురించి అడిగారు. చివర్లో ఒకరు 161వ అధికరణం కింద గవర్నరు క్షమాభిక్షను కోర్టులు ప్రశ్నించవచ్చా అన్నారు. 2006 నాటి ఈపూరు సుధాకర్ కేసులో మన రాష్ట్ర గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపునే సుప్రీంకోర్టు కొట్టివేసిందని, సంబంధం లేని కారణాలు, రాజకీయ అనుబంధం ప్రాతిపదిక కారాదన్నదని చెప్పాను. "దయ చూపడంలో కూడా ప్రభుత్వాన్ని నమ్మరా?" అని ఆయన అడిగారు. "ప్రాణం తీయడంలో ఎంత నమ్మనో, దయలోనూ కారణం రాయకపోతే అంతే నమ్మను సార్" అన్నాను. ఈసారి గొంతు మారలేదు.

జాబితా వచ్చిన సాయంత్రం స్వీట్లు తీసుకుని పీపీ గారింటికి వెళ్ళాను. షుగరు ఉందంటూనే ఒక కాజా తుంచి తిన్నారు. తన సర్వీసులో ఒకే ఒక కేసులో ఉరి అడిగానని, ఈ రోజైనా అదే అడుగుతానని, నా వాదన దానికి వర్తించదని గట్టిగా చెప్పారు. సాక్షులు ఎవరని అడిగాను. ముగ్గురి పేర్లు చెప్పి, నాలుగో పేరు దగ్గర ఆగి, "వాడి సంగతి వేరులే" అన్నారు. వాళ్ళావిడ టీ తెచ్చేసరికి మా వాదన ఆ నాలుగో సాక్షి దగ్గరే ఉంది.