రూ అనెమొనీ అనే అడవి పువ్వు ఏదో తేల్చుకున్నాను: ఈ వసంతం నోట్సు

ఏప్రిల్ 6
ఒహాయోలో, కొలంబస్‌కి ఉత్తరాన మా ఇంటికి 20 నిమిషాల దూరంలో ఉన్న అడవికి ఈ ఏడాది మొదటిసారి వెళ్లాను. చెట్లు ఇంకా చిగురించలేదు. ఇక్కడి అడవి పూలకు ఇదే అదను. పైన ఆకు కమ్ముకుంటే నేలకు ఎండ అందదు కదా! వాగు పక్కన పల్లంలో జానెడు ఎత్తు మొక్కలు, అడుగు పెట్టడానికి చోటు లేనంత గుబురుగా. తెల్లటి పూలు, 5 రేకులు. ఫోన్ యాప్ రూ అనెమొనీ అంది. అదే రాసుకున్నాను.

ఏప్రిల్ 12
ఇవాళ పైనున్న పొడి వాలు మీదికి ఎక్కాం. ఓక్ చెట్ల కింద అక్కడొకటి ఇక్కడొకటిగా తెల్లటి, లేత గులాబీ పూలు. "నాన్నా, దీనికి ఏడు రేకులున్నాయి, పక్కదానికి ఆరే" అంది మా అమ్మాయి. యాప్ దీన్నీ రూ అనెమొనీయే అంది. నాకు నమ్మకం కుదరలేదు.

రాత్రి గైడు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. రూ అనెమొనీకి 5 నుంచి 10 రేకులు ఉండొచ్చు. దాన్ని పోలి ఉండే మరో అడవి మొక్క ఫాల్స్ రూ అనెమొనీకి మాత్రం 5. అంటే ఏడు కనిపిస్తే సందేహం తీరినట్టే. ఐదు కనిపిస్తే ఏమీ తేలదు. వాగు దగ్గర నేను పొరబడింది ఇక్కడే. (నిజానికి రెండింటికీ ఇవి రేకులు కావు, రక్షక పత్రాలు.)

ఏప్రిల్ 19
10 రెట్ల లెన్సు, ఒక తెల్ల కార్డు తీసుకుని రెండు చోట్లకీ వెళ్లాను. పిడుదుల కాలం, అందుకని ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకున్నాను.

వాలు మీది మొక్క ఆకు గుండ్రంగా ఉంది, కొసన మూడు చిన్న వంపులు, బాతు కాలిలా. పూలకు కింద ఆకులన్నీ ఒకేచోట చుట్టూ అమరాయి. వాటి మధ్య నుంచే సన్నటి కాడలు గొడుగు ఊచల్లా లేచి పూశాయి. వాగు పక్కదాని ఆకు బాగా లోతుగా చీలి, ముదురు కొత్తిమీరను గుర్తుచేసింది. ఆకులు కాండం మీద ఒకటి తర్వాత ఒకటిగా ఉన్నాయి, పూలు వాటి మొదళ్ల నుంచి వచ్చాయి. కార్డు ఆకు వెనక పెట్టి ఫొటో తీస్తే ఈ తేడా స్పష్టంగా వస్తుంది. పూవును పైనుంచి ఒక్క ఫొటో తీస్తే సరిపోదు. పక్కనుంచి కాండమంతా కనిపించేలా ఇంకొకటి తప్పనిసరి.

వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో రూ అనెమొనీని అనెమొనీ ప్రజాతిలోనే చేర్చి, ఆకు థాలిక్ట్రమ్ అనే మరో ప్రజాతి మొక్కల ఆకును పోలి ఉందని థాలిక్ట్రాయిడీస్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని థాలిక్ట్రమ్‌లోనే చేర్చారు. ఆకు చెప్పిందే నిజమైందన్నమాట. ఇది చదివి ఎంత సంతోషించానో!

మే 10
కాయలు చూశాను. వాగు దగ్గర మొనదేలిన చిన్న కాయలు గుత్తిగా విచ్చుకుని ఉన్నాయి, ఒక్కోదానిలో కొన్ని గింజలు. వాలు మీద గీతలున్న సన్నటి కాయలు, ఒక్కోదానికి ఒకటే గింజ. ఇక సందేహం లేదు. ఏప్రిల్ 6 నోట్సు కొట్టేసి ఫాల్స్ రూ అనెమొనీ అని దిద్దాను.

దీని ఆకులు ఎండాకాలానికి మాయమై, మళ్లీ ఆకురాలు కాలంలో మొలిచి చలికాలమంతా పచ్చగా ఉంటాయట. అక్టోబరు చివర వాగు దగ్గరికి వెళ్లి చూడాలి.