బిల్ ఎవాన్స్ పియానో: నా ఎడమచేతికి పట్టిన ఎనిమిది నెలలు

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయలు కొనుక్కునే మనవాళ్లకి ప్లెయిన్‌ఫీల్డ్ పేరు తెలిసే ఉంటుంది. కారులో వెళ్తే దగ్గరే. జాజ్ పియానిస్ట్ బిల్ ఎవాన్స్ 1929 ఆగస్టు 16న పుట్టింది ఆ ఊళ్లోనే. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ముందు పరిచయమైంది ఆయన ఎడమచెయ్యి.

ఒక చలికాలం రాత్రి ఆఫీసు రిలీజ్ అయ్యేదాకా మేలుకుని ఉండాల్సి వచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో ఏవేవో వస్తున్నాయి, నేను వినీ విననట్టు వింటున్నాను. ఉన్నట్టుండి ఒకచోట మనసు ఆగిపోయింది. పియానో ఒక్కటే. ఎడమచెయ్యి రెండే రెండు అడుగులు వేస్తోంది, అటొకటి ఇటొకటి, ఉయ్యాల ఊగినట్టు. దాని మీద కుడిచెయ్యి నెమ్మదిగా మొదలై, మధ్యలో తెల్లవారుజామున పిట్టలు రేగినట్టు రేగి, మళ్లీ సద్దుమణిగింది. ఆరున్నర నిమిషాలకు పైగా ఎడమచెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. దాని పేరు 'పీస్ పీస్'. మొదటి పీస్‌కి శాంతి అని, రెండోదానికి సంగీతపు ముక్క అని అర్థం. 1958 డిసెంబరులో ఎవాన్స్ ఒక్కడే కూర్చుని రికార్డు చేశాడు.

ఇది నేను వాయించాలి అనుకున్నాను. నలభై నాలుగేళ్ల వయసు, చిన్నప్పుడు విజయనగరంలో ఆరేళ్లు నేర్చుకున్న వయొలిన్, ఇంట్లో పాప కోసం కొన్న 88 మెట్ల డిజిటల్ పియానో. నా దగ్గరున్నవి ఇవే. ఇలాంటి స్థితిలోనే ఉండి మొదలుపెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఎలా జరిగిందో రాస్తున్నాను.

మొదటి మూడు నెలలూ వృథా అనే చెప్పాలి. ఎవరో విని రాసిపెట్టిన నోటేషన్ దొరికింది. ఒక ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కూడా కట్టాను, ఏ వేలు ఎక్కడ పెట్టాలో రంగురంగుల గీతలతో చూపించేది. రోజూ రాత్రి గంట. మూడో నెలకి మొదటి రెండు పేజీలూ తప్పు లేకుండా వచ్చేశాయి. రికార్డు చేసుకుని వింటే ఏడుపొచ్చింది. స్వరాలన్నీ ఉన్నాయి, లయ ఉంది, ప్రాణం లేదు.

అప్పుడు వెతుక్కుంటూ వెళ్లి ఒక గురువుని పట్టుకున్నాను. డెబ్బై దాటిన నల్లజాతి పియానిస్ట్, చిన్నతనం నుంచి చర్చిలో ఆర్గన్ వాయిస్తూ పెరిగిన మనిషి. మొదటి రోజే నా నోటేషన్ కాగితాలు తీసి పక్క కుర్చీలో బోర్లా పెట్టేశారు. "ఎడమచెయ్యి ఒక్కటే వాయించు" అన్నారు. వాయించాను. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విన్నారు. "నీ ఎడమచెయ్యి కుడిచేతి కోసం ఎదురుచూస్తోంది. ఇది ఒక్కటే వింటూ కూర్చోగలిగేలా వాయించాక కుడిచెయ్యి సంగతి చూద్దాం" అన్నారు.

ఇంటికెళ్లి 1966లో ఎవాన్స్ తన అన్న హ్యారీతో కలిసి చేసిన ఒక డాక్యుమెంటరీ చూడమన్నారు. అందులో ఎవాన్స్ చెప్పేది దాదాపు ఇదే. నేర్చుకునేవాళ్లు పెద్దదాన్ని మొత్తంగా, ఉజ్జాయింపుగా వాయించేయాలని చూస్తారు. అలా కాకుండా చిన్న ముక్క తీసుకుని, అది ఎంత చిన్నదైనా సరే, నిజంగా, స్పష్టంగా వాయించాలి. ఆ తర్వాతే పైమెట్టు. నేను మూడు నెలలు చేసింది సరిగ్గా ఆ ఉజ్జాయింపే. ఆ వీడియో ఆ వారంలో నాలుగుసార్లు చూశాను.

ఎవాన్స్ జీవితం చదవడం మొదలుపెట్టింది అప్పుడే. అన్నకి పియానో పాఠం చెబుతుంటే పక్కన నిలబడి విని నేర్చుకున్న తమ్ముడు. కాగితం మీద ఉన్నది ఏదైనా చకచకా వాయించేవాడు, కాగితం తీసేస్తే ఏమీ లేదు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఊరి కుర్రాళ్ల బ్యాండ్‌లో అన్న బదులు కూర్చుని, ఒకరోజు కాగితంలో లేని చిన్న సంగతి ఒకటి వేశాడు. రాయనిది వాయించడంలోని ఆనందం ఆ రోజే తెలిసిందని తర్వాత చెప్పుకున్నాడు. అక్కడి నుంచి లూసియానాలో కాలేజీ, 1951 నుంచి మూడేళ్లు సైన్యంలో, అక్కడి బ్యాండ్‌లో ఫ్లూట్, ఆ తర్వాత న్యూయార్క్. 1958లో పేరున్న జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ పిలిచి తన బ్యాండ్‌లో పెట్టుకునే నాటికి ఎవాన్స్‌కి ఇరవై ఎనిమిదేళ్లు. తనకి ఏదీ సులువుగా రాలేదని, ప్రతిదీ విడగొట్టి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చిందని ఆయన పదే పదే అనేవాడు. ఆ మాట నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ఇక ఆ ఎడమచెయ్యి. కార్డ్ అంటే మూడు, నాలుగు స్వరాలు ఒకేసారి మోగడం. ఈ ముక్కలో ఉన్నవి రెండే. మొదటిదానికి అడుగున షడ్జం (సా), రెండోదానికి అడుగున పంచమం (పా). చిటికెన వేలితో కింది స్వరం నొక్కాలి, పాదం కింది పెడల్ తొక్కి దాన్ని మోగుతూ ఉండనిచ్చి చెయ్యి పైకి జరిపి మిగతావి కలపాలి. కింది స్వరానికి బరువుండాలి, పైవాటికి ఉండకూడదు. అసలు కష్టం పాదంలో ఉంది. మొదటి కార్డ్ నుంచి రెండోదానికి మారేటప్పుడు పెడల్ ఒక్క క్షణం ఎత్తి మళ్లీ తొక్కాలి. ఆలస్యమైతే పాత స్వరాలూ కొత్తవీ కలిసిపోయి బురద. తొందరపడితే మధ్యలో గొయ్యి, ఉయ్యాల తాడు తెగినట్టు. కొత్త స్వరం మోగిన వెంటనే, పాతది దాని కిందికి జారిపోయే సమయానికి పాదం లేవాలి. ఇది చెవితో తప్ప కాలితో వచ్చేది కాదు. దీనికే నాకు ఏడు వారాలు పట్టింది.

గురువుగారి దగ్గర చేరిన రెండో నెలలో ఒక ఆదివారం పొద్దున అమ్మ విజయనగరం నుంచి వీడియో కాల్ చేసింది. ఫోన్ పియానో మీదే ఆనించి, వాయిస్తూనే మాట్లాడుతున్నాను. కాసేపు విని, "ఏరా, ఇందాకటి నుంచి శ్రుతి పెట్టుకుని కూర్చున్నావు. పాట మొదలుపెట్టవేం?" అంది.

చెయ్యి ఆగిపోయింది. సా, పా. తంబూరాలో మోగేవీ అవేగా! ఇన్నాళ్లూ దాన్ని పాశ్చాత్య సంగీతం అని విడిగా పెట్టుకున్నాను. అమ్మ రెండు నిమిషాలు విని శ్రుతి అనేసింది.

ఇంకో సంగతి ఆ తర్వాత తెలిసింది. ఆ రోజు స్టూడియోలో ఎవాన్స్ మొదలుపెట్టింది లెనార్డ్ బెర్న్‌స్టీన్ స్వరపరిచిన ఒక పాట. ఆ పాటకి ముందు వేసే ఉపోద్ఘాతమే ఈ రెండు కార్డ్‌లూ. వాటిని వాయిస్తూ వాయిస్తూ అందులోనే ఉండిపోయాడు, పాటలోకి వెళ్లనే లేదు. నాలుగు నెలల తర్వాత, 1959 ఏప్రిల్‌లో, మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌లోని చివరి ముక్క మొదలయ్యేదీ దీని మీదే. తర్వాత ఎవరు అడిగినా ఎవాన్స్ 'పీస్ పీస్' దాదాపు వాయించలేదు. అది ఆ క్షణంలో పుట్టింది, ఆ క్షణానిదే అనేవాడు.

కుడిచేతికి అనుమతి ఐదో నెలలో వచ్చింది. నోటేషన్ ముట్టుకోవద్దు, నీ మనసులోది వాయించు అన్నారు గురువుగారు. మనకి తెలిసింది మనోధర్మమే (అప్పటికప్పుడు కల్పించి వాయించడమే) కదా అని కల్యాణి రాగం అందుకున్నాను. మొదటి కార్డ్ మీద హాయిగా ఉంది. రెండోదానిలో శుద్ధ మధ్యమం (కింది మ) ఉంది, కల్యాణిలోని ప్రతిమధ్యమంతో (పై మ తో) అది వచ్చి ఢీకొట్టింది. శుద్ధ మధ్యమమే ఉండే శంకరాభరణంలోకి మారాను, సర్దుకుంది. వారం రోజులు ఎంత సంతోషంగా ఉన్నానో! గురువుగారు విని, "అందంగా ఉంది, కానీ నువ్వు ఇల్లు దాటడం లేదు" అన్నారు.

నిజమే. ఎవాన్స్ మధ్యలో ఆ స్వరాలన్నీ వదిలేసి ఎక్కడికో పోతాడు. కింద షడ్జం ప్రశాంతంగా మోగుతుంటే పైన దానికి ఏ సంబంధమూ లేని స్వరాలు, మనం అపస్వరాలనేవి, ధైర్యంగా వేస్తాడు. రాగంలో లేని స్వరం తగిలితే వయొలిన్ బో తో వేళ్ల మీద దెబ్బ తిన్న చెయ్యి నాది. ఆ వేలు అక్కడికి వెళ్లనంటుంది. భుజం బిగుసుకుపోయేది, చెమట పట్టేది. ఒక్కో రోజు ఒక్క అన్యస్వరం, దాన్ని వేసి, అది మోగి ఆరిపోయేదాకా వింటూ కూర్చోవడం. అలా రెండు నెలలు.

ఇదే సమయంలో గురువుగారు ఎవాన్స్ ఎడమచేతిలోని రెండో విద్య కూడా చూపించారు. బేస్ (అడుగు స్వరాలు పలికే పెద్ద తీగవాద్యం) వాయించే మనిషి పక్కనుంటే కింది స్వరం అతనికి వదిలేసి, పియానో పైవి మాత్రమే పట్టుకుంటుంది. మన స్వరాల్లో చెబితే, 'మ ద స గ', తర్వాత 'మ ద ని గ', తర్వాత 'గ ప ని రి'. మొదటి దాని నుంచి రెండోదానికి నాలుగు వేళ్లలో ఒక్కటే కదులుతుంది, స నుంచి ని కి. ఆ ఒక్క అరమెట్టుతో గది అంతా మారిపోతుంది. చేతనైతే ఇప్పుడే ఏదైనా కీబోర్డు మీద నొక్కి చూడండి. తర్వాత వచ్చిన జాజ్ పియానిస్టులలో ఎంతోమంది చేతుల్లో ఈ అమరికలే ఉంటాయి.

ఆరో నెలలో న్యూయార్క్‌లోని జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌కి వెళ్లాను. మెట్రోపార్క్‌లో రైలెక్కి పెన్ స్టేషన్, అక్కడి నుంచి సబ్‌వే. సెవెంత్ ఎవెన్యూ మీద ఎర్రటి పందిరి కింద చిన్న తలుపు, ఇరుకు మెట్లు దిగితే నేలమాళిగ. 1935 నుంచి నడుస్తోంది. మన ఊళ్లో చిన్న కల్యాణమండపం భోజనాల హాలు కూడా దీనికన్నా పెద్దది. 1961 జూన్ 25, ఆదివారం, ఎవాన్స్, బేస్ మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషన్ ఇక్కడే మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఐదు విడతలు వాయించారు, అంతా రికార్డయింది. ఆ రికార్డులో సంగీతం వెనక గ్లాసుల చప్పుడు, మాటలు, ఎవరిదో నవ్వు వినిపిస్తాయి. నేను కూర్చున్న బల్ల పక్కన గ్లాసు మోగగానే ఒళ్లు జలదరించింది, అదే చప్పుడు. పదకొండు రోజుల తర్వాత, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఇరవై ఐదేళ్ల కుర్రాడు. ఎవాన్స్ నెలల తరబడి జనం ముందుకు రాలేకపోయాడు.

ఆయన జీవితంలో రెండో సగం చదవడం నాకు కష్టమైంది. హెరాయిన్ పట్టుకుంది. 1963 మొదట్లో సూది నరానికి తగిలి కుడిచెయ్యి పనిచేయకుండా పోతే, ఇదే క్లబ్బులో దాదాపు ఎడమచేత్తోనే వాయించాడు. ఆ ఎడమచెయ్యి అంత గొప్పది. కానీ అది గొప్పగా చెప్పుకునే కథ కాదు. మత్తు వల్లే ఆ సంగీతం వచ్చిందనే మాట ఎక్కడ విన్నా నాకు కోపం వస్తుంది. ఆ సంగీతం చిన్నప్పటి నుంచి చేసిన సాధన వల్ల వచ్చింది. మత్తు దాన్ని మధ్యలో కోసేసింది. 1979లో అన్న హ్యారీ ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 15న ఎవాన్స్ న్యూయార్క్‌లో కన్నుమూశాడు, యాభై ఒక్క ఏళ్లకే. ఆ డాక్యుమెంటరీలో అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవడం ఇప్పుడు చూస్తే గొంతు పట్టేస్తుంది.

ఎనిమిదో నెల చివర్లో గురువుగారి ఇంట్లో ఆయన శిష్యులు ఆరుగురం కూర్చున్నాం. నేను వాయించాను, ఎవాన్స్ వాయించింది కాదు, ఆయన రెండు కార్డ్‌ల మీద నాది. మధ్యలో ఇల్లు దాటాను, తిరిగొచ్చాను. గురువుగారు ఏమీ అనలేదు, కుర్చీలో బోర్లా పెట్టి తర్వాత దాచి ఉంచిన నా పాత నోటేషన్ కాగితాలు తెచ్చి చేతికిచ్చారు.

ఆ ఆదివారం అమ్మకి కాల్ చేసి మొత్తం వినిపించాను. ఆరు నిమిషాలూ మాట్లాడకుండా వింది.

"మధ్యలో అపస్వరాలు పడ్డాయి. కావాలనే వేశావా?"

"కావాలనే అమ్మా."

కాసేపు ఆగింది. "అక్కడి నుంచి మళ్లీ సా లోకి దిగావు చూడు, అది బాగుంది. ఉండు, టీవీ ఆపొస్తాను. ఇంకోసారి వాయించు."