జూలో సింహం, టీవీలో సింహం

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున జూపార్కుకి వెళ్లొచ్చాం. వారం రోజులుగా చిన్నది ప్రాణం తీస్తోంది. సోమవారం జూకి సెలవు, మిగతా రోజులు నాకు ఆఫీసు. కాబట్టి ఊళ్లో సగం మంది వెళ్లే ఆదివారమే మేమూ వెళ్లాలి. బహదూర్‌పురాలో బండి పెట్టుకునే చోటు దొరికేసరికే నా ఓపిక సగం అయిపోయింది. సఫారీ బస్సులో కిటికీ సీటు కోసం మరో యుద్ధం. ఇంతా చేస్తే సింహం చెట్టు కింద అటు తిరిగి పడుకుని ఉంది. అందరూ ఫోన్లు తీశారు, ఎవరో ఈల వేశారు. ఒక్కసారి తల తిప్పి చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, విసుగు కూడా లేదు. మళ్లీ పడుకుంది.

"డాడీ, దానికేమైంది?"

"ఏం కాలేదమ్మా. సింహమంటే అంతే."

నాలుగింటికి వాన. సింహాన్ని సరిగా చూడలేదన్న బాధ ఇంకా తీరలేదేమో, టీవీలో 'ద లయన్ కింగ్' పెట్టమంది. 2019లో వచ్చింది పెట్టాను, తెలుగులో. పల్లీలు ఒలుచుకుంటూ అమ్మ కూడా వచ్చి కూర్చుంది.

దీన్ని లైవ్ యాక్షన్, అంటే గీసిన బొమ్మలు కాకుండా నిజంగా తీసిన సినిమా, అంటారు గానీ, అందులో నిజంగా కెమెరాతో తీసింది మొదట్లో వచ్చే సూర్యోదయం షాట్ ఒక్కటే. మిగతాదంతా కంప్యూటర్లో చేసిందే. అంటే ఇదీ బొమ్మల సినిమానే. కాకపోతే బొమ్మనని ఒప్పుకోవడానికి సిగ్గుపడే బొమ్మల సినిమా. జూలు ఒక్కో వెంట్రుకా కనబడుతుంది, గడ్డి ఊగుతుంది, పనితనానికి వంక పెట్టలేం. పొద్దున బస్సులోంచి చూసిన సింహమే అచ్చంగా టీవీలోకి వచ్చింది. చిక్కంతా అక్కడే. ముఫాసా చనిపోయాడు, పిల్ల సింహం సింబా తండ్రి పక్కన చేరింది, గొంతు ఏడుస్తోంది, ముఖం మాత్రం పొద్దున మమ్మల్ని చూసిన ముఖమే.

అమ్మ పల్లీలు పక్కన పెట్టి, "గిదేందిరా, తండ్రి సచ్చిపోతే మొఖంల ఏడుపే లేదు?" అంది.

చిన్నది అప్పటికే సోఫా మీద తలకిందులుగా వేలాడుతోంది. మళ్లీ నిటారుగా కూర్చుంది పుంబా, టిమోన్ వచ్చాకే. తెలుగులో ఆ రెంటికీ గొంతులు బ్రహ్మానందం, ఆలీ. అడవి పంది ముఖంలో ఏమీ లేకపోయినా, ఆ గొంతు వినగానే మనకి తెలిసిన బ్రహ్మానందం ముఖాన్ని తెచ్చి దానికి అతికించుకుంటాం. సింబాకి నాని, విలన్ స్కార్‌కి జగపతిబాబు. తెలుగులో ఈ సినిమా బతికిందంటే ఆ గొంతుల పుణ్యమే అనిపిస్తుంది నాకు.

సగంలో ఆపేసి, 1994 నాటి పాతది వెతికి పెట్టాను. అది మాకు ఇంగ్లీషులో దొరికింది. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా అదే చావు దగ్గర కొంగు కళ్లకి పెట్టుకుంది. గీసిన సింహం కదా, కనుబొమ్మ ఎక్కడ వంచాలో గీసినవాడికి తెలుసు. రాజునైపోతానని సింబా గంతులేసే పాటలో జంతువులన్నీ ఒకదాని మీద ఒకటి గోపురంలా ఎక్కుతాయి, ఆకాశానికి లేని రంగులన్నీ వస్తాయి. కొత్తదాంట్లో నీటి గుంట దగ్గర పరుగెడతాయి, అంతే. నిజం జిరాఫీ ఏనుగు మీదికి ఎలా ఎక్కుతుంది మరి! పైగా పాతది 88 నిమిషాలు, కొత్తది 118. ఆ అరగంటలో ఏం పెట్టారో చిన్నదాన్నడిగితే "గడ్డి" అంది.

పాత బొమ్మల సినిమాల్ని మళ్లీ ఇలా ఎందుకు తీస్తారో తెలియనిదేం కాదు. కొత్త లయన్ కింగ్‌కి వచ్చింది 160 కోట్ల డాలర్ల పైనే. చిన్నప్పుడు పాతది చూసిన నాలాంటి వాళ్ల చేతిలో ఇప్పుడు జీతం ఉంది, పక్కన పిల్లలున్నారు. కొత్త కథంటే జనం వస్తారో రారో అని టెన్షన్, పాత పేరైతే టికెట్ తెగినట్టే. 2025లో ఇలాగే తీసిన 'స్నో వైట్' తన్నేసినా, రెండు నెలలకే వచ్చిన 'లిలో అండ్ స్టిచ్' వంద కోట్ల డాలర్లు దాటింది. ఇంకెవరు ఆగుతారు? మనూళ్లో పుట్టిన ఛోటా భీమ్‌ని కూడా 2024లో మనుషులతో తీశారు, బొమ్మల్లో 2012లోనే వచ్చిన కథని. అప్పుడు మా దానికి ఐదేళ్లు. తెర మీద పిల్లాణ్ణి కాసేపు చూసి, "భీమ్ ఎప్పుడొస్తాడు?" అనడిగింది.

రాత్రి అన్నాలయ్యాక ఇదంతా అమ్మతో అంటే, "మనుషులతోని తీస్తే తప్పేముందిరా? మాయాబజార్ల ఉన్నది మనుషులే గదా" అంది.

నోరు మూతపడింది. 1957లో సావిత్రి చేసిందేమిటి మరి? శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. చీర కట్టుకుని, నగలు పెట్టుకుని, ఆ నడక, ఆ కళ్లు ఎగరేయడం. ఏ బొమ్మలు గీసేవాడు అంతకంటే బాగా గీస్తాడు? అక్కడ మనిషే బొమ్మలా ఆడింది. ఇక్కడ బొమ్మని పట్టుకుని జంతువులా పడుండమన్నారు. నా కోపం లైవ్ యాక్షన్ మీద కాదన్నమాట. ఈ వయసులో అమ్మ దగ్గర ఓడిపోవడం కొత్తేమీ కాదులెండి.

సరే అని మాయాబజార్ పెట్టాను. రంగులద్దింది కాదు, నలుపు తెలుపుది కావాలంది అమ్మ. చిన్నది ముఖం చిట్లించింది, పాట వచ్చేదాకా. ఎస్వీఆర్ నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్లాయి. చిన్నది లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడింది. దాని దృష్టిలో లడ్డూలు భీమ్ సొత్తు.

"నానమ్మా, ఈ తాతెవరు?"

"తాత కాదే, భీముని కొడుకు."

దాని కళ్లు చూడాలి! రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పింది. రేపు పొద్దున ఏడింటికి స్కూలు బస్సు. ఇది నాలుగోసారి, ఇంకా లడ్డూల దగ్గరే ఉన్నాం.