పారిశ్రామిక విప్లవాన్ని ఎథిక్స్ పేపర్‌తో కలిపి చదవండి

సివిల్స్, గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్న మిత్రులకు,

పారిశ్రామిక విప్లవం అనగానే స్పిన్నింగ్ జెన్నీ, ఆవిరి యంత్రం, రైళ్లు రాసేసి, కార్మికుల బతుకు గురించి రెండు వాక్యాలతో ముగించేవాళ్లే ఎక్కువ. నా నోట్స్‌లో నేను పెంచుకున్నది ఆ రెండు వాక్యాలనే. సివిల్స్ జీఎస్-4లో, అంటే ఎథిక్స్ పేపర్‌లో, నాకు అన్నిటికంటే అక్కరకొచ్చిన వాదన అక్కడే దొరికింది.

ముందు బ్రిటన్ చట్టాలు వరుసగా చూడండి. జౌళి మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని పెట్టుకోవడాన్ని 1833 చట్టం చాలావరకు ఆపింది. ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను గనుల్లోకి దించొద్దని 1842 చట్టం చెప్పింది. ఆడవాళ్లకు, 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు పది గంటల పని పరిమితి 1847లో వచ్చింది. దేన్ని నిషేధించారో చూస్తే అంతకుముందు ఏం జరిగేదో తెలిసిపోతుంది. ఇంకే గణాంకాలూ బట్టీ పట్టక్కర్లేదు.

ఇంత జరుగుతున్నా యజమానుల సమాధానం ఒక్కటే: కూలీ ఒప్పుకునే పనిలో చేరాడు కదా!

దానికి గట్టి జవాబు 1891 మే 15న పోప్ 13వ లియో ఇచ్చిన ‘రేరుమ్ నోవారుమ్’ లేఖలో ఉంది. ఆకలికో భయానికో తలొగ్గి తక్కువ కూలికి ఒప్పుకున్నవాడు నిజానికి బలవంతానికి, అన్యాయానికి బలైనట్టేనని ఆయన రాశారు. ఇద్దరి మధ్య కుదిరిన బేరం కంటే సహజ న్యాయం పెద్దది. పొదుపుగా బతికే కార్మికుడి పోషణకు కూలి సరిపోవాలి. అందుకే కార్మిక సంఘాల హక్కును సమర్థించారు. అదే లేఖ సోషలిజాన్ని తోసిపుచ్చి సొంత ఆస్తి హక్కునూ గట్టిగా నిలబెట్టింది. జవాబులో ఈ రెండో వైపు వదిలేస్తే ఆయన్ని సగమే చెప్పినట్టు.

ఇది ఉత్త సిద్ధాంతం కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1889 లండన్ రేవు కార్మికుల సమ్మెలో ఇంగ్లండ్‌లోని కాథలిక్ మతపెద్ద కార్డినల్ మానింగ్ ముదిమి వయసులోనూ స్వయంగా మధ్యవర్తిత్వం చేశారు. గంటకు ఆరు పెన్నీల కూలి సాధించుకునే కార్మికులు పనిలోకి వెళ్లారు. ఎథిక్స్‌లో ‘నైతిక నాయకత్వం’ అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఈయనే.

ఇక మన రాజ్యాంగానికి రండి. 43వ అధికరణ జీవన వేతనం గురించి చెబుతుంది. ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది: కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణ కింద బలవంతపు చాకిరీయే, పేదరికం పెట్టే ఒత్తిడి కూడా బలవంతమే అని తేల్చింది. రోమ్‌లో మతం వైపు నుంచి, ఢిల్లీలో రాజ్యాంగం వైపు నుంచి వచ్చిన తర్కం ఒకే చోట కలవడం నన్ను కదిలించింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి రాస్తే జవాబుకు బలం వస్తుంది.

1931లో పోప్ 11వ పియస్ రాసిన లేఖను కూడా పాలిటీ కోసం చూడండి. కింది స్థాయి చేయగల పనిని పై స్థాయి లాక్కోకూడదనే సూత్రాన్ని అందులో స్పష్టంగా చెప్పారు. పంచాయతీరాజ్ జవాబుల్లో పనికొస్తుంది.

2025లో ఎన్నికైన పోప్ ‘14వ లియో’ అనే పేరు ఎంచుకోవడానికి కారణంగా ఆ 1891 లేఖనే ప్రస్తావించారు. కృత్రిమ మేధను మరో పారిశ్రామిక విప్లవంగా చూశారు. కాబట్టి ఇది కరెంట్ అఫైర్స్ కూడా. యాప్‌లో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కి డెలివరీ పనిలో చేరిన కుర్రాడి మీద కేస్ స్టడీ వస్తే, ఆ అంగీకారం ఎంత స్వేచ్ఛగా ఇచ్చిందన్న ప్రశ్నతోనే నేను జవాబు మొదలుపెడతాను.