ధనియాలంత అద్భుతాలు

పోయిన జనవరిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యి ఇంటికొస్తుంటే మా తొమ్మిదేళ్లవాడు వెనక సీట్లోంచి ఒక ప్రశ్న వేశాడు. ఆ రోజు సాక్ష్యాల్లో ఒకాయన లేచి, వీసా స్టాంపింగ్ అయిపోయింది, ఇది దేవుడు చేసిన అద్భుతం అని కళ్లనీళ్లు పెట్టుకుంటే అందరం హల్లెలూయ అన్నాం. మావాడి ప్రశ్న ఏంటంటే, "బాబాయ్‌కి రెండుసార్లు రాలేదు కదా, దేవుడికి బాబాయ్ అంటే ఇష్టం లేదా?"

మా తమ్ముడి కోసం ఉపవాసముండి మరీ ప్రార్థన చేసినవాళ్లం మేము. ఏం చెప్పను? ఇంటికెళ్లాక మాట్లాడదాం అని పాట సౌండ్ పెంచాను.

తప్పు వాడిది కాదు. వీసా, గ్రీన్‌కార్డు, కొత్త ఇల్లు, క్లియర్‌గా వచ్చిన స్కాన్ రిపోర్టు, ఇవి తప్ప మేం పిల్లల ముందు ఇంకేం సాక్ష్యం చెప్పాం? ఇక్కడ అమెరికాలో పుట్టిన పిల్లలకి దేవుడు కౌంటర్‌లో కూర్చుని స్టాంపు వేసే ఆఫీసర్‌లా కనిపించడా మరి.

మా అమ్మ ఇలా కాదు. ఆవిడ గుంటూరు లూథరన్ చర్చి మనిషి. (1842లో పెన్సిల్వేనియా లూథరన్లు పంపితే ఫాదర్ హేయర్ అనే మిషనరీ గుంటూరు వచ్చాడు, మేమేమో గుంటూరు నుంచి వచ్చి అదే పెన్సిల్వేనియాలో మంచు ఎత్తిపోసుకుంటున్నాం.) నా చిన్నప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆవిడ చెప్పేవి ఎలా ఉండేవంటే, ఇవాళ కుళాయి వచ్చింది స్తోత్రం, గ్యాస్ ఇంకో నాలుగు రోజులొచ్చింది స్తోత్రం. మేం నవ్వుకునేవాళ్లం.

ఆ వారం మావాడితో కలిసి బైబిల్లో నిర్గమకాండం 16వ అధ్యాయం చదివాను. ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం మన్నా, అది తెల్లగా, కొత్తిమీర గింజలా ఉండేదని అందులో ఉంది కదా, పోపుల డబ్బాలోంచి నాలుగు ధనియాలు తీసి వాడి అరచేతిలో పోశాను. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే నాన్నా, పొద్దున్నే వంగి ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోయేది, మామూలు రోజుల్లో రేపటికని దాచుకుంటే పురుగుపట్టి కంపుకొట్టేది. "ఫ్రిజ్ లేదుగా" అన్నాడు. మన్నా అనే పేరే "ఇదేమిటి?" అన్న మాటలోంచి వచ్చిందనేసరికి వాడికి తెగ నచ్చేసింది, కాకరకాయ వేపుడు పెట్టినా అదే అంటున్నాడు.

ఫిబ్రవరిలో మంచు పడ్డ ఒక పొద్దున కారు స్టార్ట్ కాలేదు. ఎదురింటి పెద్దాయనతో మూడేళ్లలో చెయ్యి ఊపడం తప్ప మాటల్లేవు. ఆయనే పైజమా మీద కోటు వేసుకుని జంపర్ కేబుళ్లు పట్టుకొచ్చాడు. గ్లోవ్స్ కూడా లేవు, వేళ్లు ఎర్రగా కందిపోయాయి. కారు కదిలాక వెనక నుంచి మావాడు మెల్లగా, "ఇదేమిటి?" అన్నాడు. నాకు అర్థమయ్యేసరికి సిగ్నల్ వచ్చేసింది.

ఆయన ఏ చర్చికీ వెళ్లడట. పులిహోర పంపితే డబ్బా కడిగి తిరిగిచ్చాడు. రాత్రి ప్రార్థనలో మాత్రం ఇప్పుడు ఆయన పేరు బాబాయ్ పేరు పక్కనే ఉంటుంది. బాబాయ్ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదని కూడా వాడికి చెప్పేశాను.

శనివారం రాత్రి మాకు తొమ్మిదిన్నరంటే చలికాలంలో అమ్మకి ఆదివారం పొద్దున ఎనిమిది. తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని వీడియోలోకి వస్తుంది. ఈ వారం ఏం జరిగిందో పిల్లలు చెప్పాలి. మొన్న మావాడు చాలాసేపు ఆలోచించి, "ఏమీ జరగలేదు నానమ్మా" అన్నాడు.

"జ్వరాలు రాలేదా?"

"లేదు."

"మీ నాన్న నీ మీద అరవలేదా?"

"లేదు."

"మరింకేంట్రా, స్తోత్రం చెప్పు" అని ఫోన్ పక్కన పెట్టి, జడ వేసుకోవడం మొదలుపెట్టింది.