ఒట్టూ వేశాను, కారమూ వేశాను

"నువ్వు దేన్నీ దాని మానాన దాన్ని ఉండనివ్వవు నాన్నా."

మా పన్నెండేళ్ల అమ్మాయి మొన్న శనివారం రాత్రి అన్న మాట ఇది. సిగ్గు విడిచి చెబుతున్నాను, వినగానే నాకు కలిగింది బాధ కాదు, సంబరం. 'మానాన' అనే మాట దీనికి ఎక్కడ దొరికింది? మా ఇంట్లో తెలుగు వాక్యం 'నాన్నా'తో మొదలై మూడో మాటకే ఇంగ్లిష్‌లోకి దూకేస్తుంది. అలాంటిది విభక్తులతో సహా నిఖార్సైన వాక్యం! వాళ్లమ్మకు చెబుదామని రెండడుగులు వేశాక గానీ దెబ్బ తగల్లేదు. ఆ మాట వాళ్లమ్మ దగ్గరే నేర్చుకుందని, నా మీద వాడగా వాడగా పిల్లకు వంటబట్టిందని ఇంకాసేపటికి అర్థమైంది.

గొడవంతా ఒక కోడికూర గురించి.

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమందో, తాతల నాడు ఇటలీ నుంచి వచ్చినవాళ్లూ దాదాపు అంతమంది ఉంటారు. మా అమ్మాయి ప్రాణస్నేహితురాలిదీ అలాంటి ఇల్లే. "నోన్నా చేసిన చికెన్ ఎంత బావుంటుందో" అని ఇది ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే 'నాన్నా చేసిన' అని విని ఒక పూటంతా పొంగిపోయాను. నోన్నా అంటే వాళ్ల భాషలో అమ్మమ్మో నాయనమ్మో. ఆవిడ చేసేది పోల్లో అల్లా కచ్చతోరా. వేటగాడి పద్ధతిలో వండిన కోడి అని అర్థమట. వీడియో కాల్‌లో మా అమ్మకు అదే చెప్పాను, "వేటగాడి కోడికూర" అని. "వేటా, కోడా? ఏదో ఒకటి చెప్పు" అంది. మా కృష్ణా జిల్లాలో వేట అంటే మేకమాంసమే మరి.

శనివారం సాయంత్రం స్నేహితురాళ్లిద్దరు రాత్రి ఉండిపోవడానికి వస్తున్నారు, ఆ కూరే చేసి పెట్టాలంది. నేను శనివారం కుదరదన్నాను. వెంకటేశ్వరస్వామి వారం, ఇంట్లో నీచు ముట్టం. ఈ నియమం సంగతి కూడా దాచకుండా చెప్పేస్తాను. ఒక శనివారం స్నేహితుడి ఇంట్లో చికెన్ వేపుడు పళ్లెం ముందుకొస్తే, మధ్యాహ్నం రెండున్నర దాటింది కాబట్టి ఇండియాలో ఆదివారం వచ్చేసిందని లెక్క చెప్పి లాగించాను. మా అమ్మాయి అప్పుడు పక్కనే ఉంది. దానికి ఏనుగంత జ్ఞాపకశక్తి. ఈసారి ఆ లెక్క నామీదికే తిప్పింది. "స్లో కుక్కర్‌లో శుక్రవారం రాత్రి పెట్టేద్దాం నాన్నా, అప్పుడది శుక్రవారం కూరే కదా. నువ్వు తినకు, మేం తింటాం."

ఈ వాదన కొత్తదేమీ కాదని నాకు తర్వాత తెలిసింది. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే ఆ కుక్కర్ పుట్టుకే ఒక శనివారం నియమం నుంచి. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరు ఉండేవాడు. వాళ్లమ్మ చిన్నతనం లిథువేనియాలో గడిచింది. శనివారం వాళ్లు పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, శుక్రవారం పొద్దుగుంకకముందే గింజలూ మాంసమూ కుండలో పెట్టి ఊరి బేకరీకి పంపేవారు. ఆరిపోతున్న పొయ్యి వేడికి రాత్రంతా ఉడికేది. ఆ వంట పేరు చోలెంట్. అమ్మ చెప్పిన ఆ కథ విని కొడుకు కరెంటు కుండ ఒకటి తయారుచేశాడు. 1940లో పేటెంటు వచ్చింది. తర్వాత ఇంకో కంపెనీ కొనుక్కుని 1971లో క్రాక్‌పాట్ అని పేరు పెట్టి అమ్మింది. మా వంటగదిలో మూలన పడున్న కుండకు ఇంత కథ ఉందని తెలిశాక దాని మీద గౌరవం పెరిగింది. ఒక తల్లి చెప్పిన ఊరి కబురును పిల్లవాడు అంత శ్రద్ధగా విన్నాడా అని కాస్త అసూయ కూడా. నేను దాలిగుంట గురించి చెబితే మా పిల్లలు "ఓకే" అంటారు.

దాలిగుంట నిజంగా స్లో కుక్కరే. మా నాయనమ్మ పిడకలు రాజేసి పొద్దున్నే పాలకుండ ఎక్కిస్తే సాయంత్రానికి పాలు ఇటుక రంగుకి తిరిగేవి, పైన చాపలా మీగడ. మాటిమాటికీ మూత తీస్తే చేతి మీద ఒకటి పడేది. ఈ కుక్కర్ పుస్తకంలోనూ అదే రాసుంది: మూత ఎత్తినప్పుడల్లా వేడి పోయి ఇరవై నిమిషాలో అరగంటో వంట వెనక్కి పోతుందని.

నోన్నా చెప్పినది మా అమ్మాయి కాగితం మీద రాసుకొచ్చి ఫ్రిజ్‌కి అంటించింది. ఎముకతో ఉన్న తొడ ముక్కలు ఆరు. ఉల్లిపాయ, వెల్లుల్లి, రెండు క్యాప్సికం, పుట్టగొడుగులు, 28 ఔన్సుల టమాటా డబ్బా, రోజ్‌మేరీ రెమ్మ, అరగ్లాసు ఎర్ర వైన్. రొమ్ము ముక్కలు వద్దు, అంతసేపటికి పీచులా ఎండిపోతాయి. నీళ్లు అసలు పోయకూడదు, మూత కింద ఆవిరి బయటికి పోదు కాబట్టి కోడీ టమాటాలూ వదిలే నీరే సరిపోతుంది. అదే కారణంతో వైన్‌ని ముందు మూకుడులో సగానికి మరిగించి పొయ్యాలి, లేకపోతే ఆ ఘాటంతా కూరలోనే ఉండిపోతుంది. బీరు తాగుతాను గానీ కూరలో వైన్ అంటే మాత్రం చెయ్యి వణికింది. ఎందుకో అడక్కండి.

"ఇందులో ఏం రాసుందో అదే వెయ్యాలి నాన్నా. ఒట్టు?"

"ఒట్టు."

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి కుక్కర్‌ని తక్కువ వేడి మీద ఆరు గంటలు పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున అయిదింటికి మెలకువ వచ్చింది, ఇల్లంతా అదో వాసన. మంచిదే. కానీ రోజ్‌మేరీ అంటే నా ముక్కుకి నీలగిరి తైలం. మూత తీశాను. కూర ఎర్రగా, మెత్తగా, ఎముక నుంచి జారిపోయేలా ఉంది. రుచి చూద్దామంటే అప్పటికి శనివారం వచ్చేసింది, ఇండియా లెక్కలోనూ శనివారమే. ఉప్పు చూడలేని వంటవాడికి ముక్కే దిక్కు. ఆ ముక్కు చెప్పింది, ఇది పత్యం కూరరా అని. వచ్చిన పిల్లలు మా ఇంట్లో చప్పిడి కూడు తిని వెళ్తే నా పరువేం కావాలి? కిటికీ తెరిచి, పొగ అలారం మోగకుండా సన్నసెగ మీద చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, అర చెంచా కారం, చిటికెడు గరం మసాలా వేసి అందులో కలిపేశాను. దొంగలా చెంచా కడిగి పెట్టాను. అంతా చల్లార్చి ఫ్రిజ్‌లోకి తోసేశాను.

సాయంత్రం వేడిచేసి వడ్డించాను. ఆ స్నేహితురాలు రెండు ముద్దలు తిని, చాలా మర్యాదగా, నిజంగానే ఇష్టంగా అడిగింది: "చాలా బావుంది. ఏంటిది?"

మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయలేను.

వచ్చిన పిల్లలు నిద్రపోయాక నేను మా అమ్మాయితో వాదించాను. టమాటా ఇటలీదేం కాదే, అమెరికా ఖండం నుంచి వెళ్లింది, మా నాయనమ్మ దాన్ని రామములక్కాయ అనేది. మనకు మిరపకాయ పోర్చుగీసువాళ్లతో వచ్చింది. ఏ వంటా పుట్టినట్టు ఉండదు, ఊరు మారితే రుచి మారుతుంది. మంచి ఉపన్యాసమే. అది మొత్తం విని, "అవన్నీ కరెక్టే. కానీ నువ్వు ఒట్టు వేశావు" అంది. ఆ తర్వాతే ఆ మానాన మాట.

ఇక్కడ తోటి తల్లిదండ్రులకు సలహా ఇద్దామని కూర్చున్నాను: పిల్లలు బయటి నుంచి తెచ్చినదాన్ని తెచ్చినట్టు తీసుకోండి, మన చెయ్యి పెట్టకండి అని. రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఆఫీసులో ఒకాయన సాంబారులో పాస్తా వేసుకున్నాడని వారం రోజులు ఇంట్లో ఎగతాళి చేసినవాణ్ణి. మా అమ్మాయి 'పెళ్లి'ని 'పెల్లి' అంటే పదిసార్లు పలికించేవాణ్ణి. మనది ఒక్క అక్షరం మారకూడదు, పక్కవాళ్లదైతే అర చెంచా కారం తగలాల్సిందే. పైగా, అన్నిటినీ వాటి మానాన వదిలేస్తే ఈ ఇంట్లో నా చెయ్యి తగిలినదంటూ ఏం మిగులుతుందన్న భయం కూడా ఉంది. అది పిల్లల కోసమా, నా కోసమా అంటే చెప్పలేను. మా ఆవిడను అడిగితే "నీ కోసమే" అంది, ఆలోచించనైనా లేదు.

నిన్న ఆదివారం మళ్లీ వండాను, కాగితం ముందు పెట్టుకుని. అది కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది. నిజం చెప్పాలంటే నాకంతగా ఎక్కలేదు. ఆవకాయ జాడీ వైపు చెయ్యి పోతుంటే, అదే నా ముందుకు జరిపింది. "నీ కంచంలో నీ ఇష్టం నాన్నా." తను మాత్రం గిన్నె అడుగు రొట్టెతో తుడిచి తింది.

అది మంచినీళ్లకి లేచినప్పుడు, అందులో రెండు వెల్లుల్లి రెబ్బలు ఎక్కువే వేశాను. ఇంకా చెప్పలేదు. వెల్లుల్లి వాళ్ల కాగితంలో ఉన్నదే కదా.