వికటకవిని లూప్‌లో తిప్పితే

కాకినాడలో మా మేడ మీద సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు వెబ్ పేజీల్లో నడిచే కంప్యూటర్ భాష జావాస్క్రిప్ట్ చెబుతాను. చాలామంది కాలేజీలో లూపులు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్, ఒకసారి అయిపోయాకే వస్తారు. ఫర్ అనే లూప్ రాయమంటే గుక్క తిప్పుకోకుండా రాసేస్తారు. ఏ లైన్ తర్వాత ఏ లైన్ నడుస్తుందో అడిగితే ఆగిపోతారు. అందుకే నేను ఫర్‌తో మొదలుపెట్టను. అందులో మొదలు, షరతు, పెంపు మూడూ ఒకే లైన్లో ఇరుక్కుని ఉంటాయి. కొత్తవాళ్లకు ముందు, షరతు నిజమైనంతసేపు తిరిగే వైల్ లూప్ చెప్పాలి అన్నది నా గట్టి అభిప్రాయం.

పదమూడో ఎక్కం రాయిస్తాను. లెట్ వరుస = 1 అని పైన ఒక లైన్. కింద వైల్ (వరుస <= 10). దాని బ్రాకెట్లలో 13 * వరుస ప్రింట్ చేసి, వరుస++ అని ఒకటి పెంచడం. జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్‌కి (విలువ దాచుకునే చోటుకి) తెలుగు పేరు నిజంగానే పెట్టుకోవచ్చు, ఎర్రర్ ఏమీ రాదు. లెట్, వైల్ లాంటి మాటలు మాత్రం ఆ భాష ఇంగ్లీషు స్పెల్లింగ్‌లోనే ఉండాలి.

రన్ చేయకముందే ఒక ప్రశ్న: లూప్ అయ్యాక వరుస విలువ ఎంత?

"పది, మేడం."

అప్పుడు నోట్‌బుక్ తీయించి మూడు గడులు గీయిస్తాను: వరుస విలువ, షరతు నిజమా కాదా, ప్రింట్ అయినది. 1, నిజం, 13. 2, నిజం, 26. ఇలా 10, నిజం, 130 దాకా వస్తారు. అక్కడ పెన్ను మూసేయబోతారు. "ఇంకా పెంచలేదు కదమ్మా" అంటాను. పెంచితే 11. షరతు మళ్లీ చూడాలి, ఈసారి అబద్ధం. అంటే ప్రింట్ పదిసార్లు జరిగింది, షరతు మాత్రం పదకొండుసార్లు చూసింది. ఆ ఆఖరి లైన్ చేత్తో రాసినవాళ్లకు లూప్ ఎందుకు ఆగుతుందో ఇక మళ్లీ చెప్పక్కర్లేదు. ఫర్ అంటే అవే మూడు ముక్కలు ఒక చోట చేర్చి రాయడమే అని వాళ్లే అంటారు.

వరుస++ తీసేస్తే ఏమవుతుందో కూడా చూపిస్తాను. ముందు మిగతా ట్యాబులు సేవ్ చేసుకోమంటాను. కోడ్ నడిచే బ్రౌజర్ పేజీలో మన కోడ్, బటన్ నొక్కుళ్లు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి, లూప్ ఆ దారి వదలకపోతే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది. ట్యాబ్ మూసేయడమే.

విలువలను పక్కపక్క గడుల్లో దాచుకునే అర్రేలకు వచ్చేసరికి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఐదు సబ్జెక్టుల మార్కులంటే గడులు 0 నుంచి 4 వరకు. అక్కడ < బదులు <= పెడితే 5 అనే నంబరున్న గడిలో ఏమీ ఉండదు, అన్‌డిఫైన్డ్ వస్తుంది. దాన్ని మార్కులకు కలిపితే మొత్తం ఎన్‌ఏఎన్ (NaN, అంటే నంబరు కాదు) అవుతుంది. నంబర్ కావాల్సిన చోట ఎన్‌ఏఎన్ కనిపిస్తే ముందు షరతు చూడండి. విలువలు మాత్రమే చాలనుకుంటే 2015లో భాషలోకి వచ్చిన, విలువలను ఒక్కొక్కటిగా చేతికిచ్చే ఫర్-ఆఫ్ లూప్ హాయి. ఇండెక్స్ (గడి నంబరు) గొడవే ఉండదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం దీని తర్వాత వస్తుంది. ఒక పదం ఎటు నుంచి చదివినా ఒకటేనా అని చూసే ప్రోగ్రాం. ఇంగ్లీషు పదాలతో అందరూ చేసి ఉంటారు. నేను వికటకవి ఇస్తాను. పిల్లలు ఇండెక్స్ చివరి నుంచి సున్నా వరకు తగ్గించుకుంటూ తిప్పి రాస్తారు. పోలిస్తే ఫాల్స్ వస్తుంది. తిప్పిన పదం ప్రింట్ చేస్తే మొదట్లో అక్షరం లేకుండా ఇకారపు గుర్తు గుడి ఒక్కటే నిలబడి ఉంటుంది, చివర్లో "కివ" అని కనిపిస్తుంది.

వికటకవి లెంగ్త్ ఎంతో అడిగితే జావాస్క్రిప్ట్ 7 అంటుంది. మనకు ఐదు అక్షరాలే. కంప్యూటర్ "వి"ని వ, గుడి అని రెండుగా దాచుకుంటుంది. తిప్పినప్పుడు గుడి తన వ నుంచి విడిపోయి, ముందున్న క మీదకు ఎక్కింది. ఫర్-ఆఫ్ వాడినా ఇవే ఏడు ముక్కలు వస్తాయి. దీనికి, పదాన్ని మనం చదివే అక్షరాలుగా విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అనేది ఉంది. ఫైర్‌ఫాక్స్‌లోకి 2024లో వచ్చింది, క్రోమ్‌లో అంతకు ముందు నుంచే ఉంది. దాని చేతికి పదం ఇచ్చి, అది ఇచ్చేవాటి మీద ఫర్-ఆఫ్ నడిపి, ఒక్కోదానిలోని segment విలువను అర్రేలో వేసుకుంటే వి, క, ట, క, వి అని ఐదు గడులు వస్తాయి.

ఇప్పుడు పదాన్ని తిప్పాల్సిన పనే లేదు. ఎడమ = 0, కుడి = 4 అని రెండు వేరియబుల్స్ పెట్టి, ఎడమ < కుడి ఉన్నంతవరకు రెండు గడులూ పోల్చి, ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గిస్తే చాలు. 0, 4. తర్వాత 1, 3. తర్వాత 2, 2 దగ్గర షరతు అబద్ధం. నడిమి ట ని దేనితోనూ పోల్చకుండానే ట్రూ వచ్చేస్తుంది.